రిపోర్టు చేతికి వచ్చేవరకు

నెల్లూరు తీరానికి నిరీక్షణ కొత్త కాదు. వేటకు వెళ్లిన పడవ తిరిగి వచ్చేవరకు రేవు వైపే చూసే కళ్లు ఇక్కడ ఉన్నాయి. రొయ్యల చెరువులో పంట చేతికి వచ్చేవరకు నిద్రపట్టని రాత్రులు ఉన్నాయి. గల్ఫ్ నుండి ఫోను మోగే వేళ కోసం పనులు ముగించుకుని కూర్చునే ఇల్లాళ్లు ఉన్నారు. ఈ నిరీక్షణలన్నీ నలుగురిలో చెప్పుకోదగినవే. ఇరుగుపొరుగువారు పలకరిస్తారు, ధైర్యం చెబుతారు, దుఆ చేస్తారు.

అయితే నోరు విప్పి చెప్పుకోలేని నిరీక్షణ మరొకటి ఉంది. గర్భాశయ ముఖద్వారానికి సంబంధించిన పరీక్ష చేయించుకుని, ఫలితం కోసం ఎదురుచూసే స్త్రీ పరిస్థితి అది. ఏ పరీక్ష చేయించుకున్నదో అత్తగారికి చెప్పలేదు, ఎందుకు దిగులుగా ఉన్నదో పిల్లలకు చెప్పలేదు. పగలు పనిలో పడి మరచినా, రాత్రి దీపం ఆర్పగానే ఆ ఆలోచనే వచ్చి కూర్చుంటుంది. ఈ భారం ఆమె ఒక్కతే మోయవలసినది కాదనీ, ఆ రోజుల్లో ఆమె చేయదగిన పనులూ, ఇంటివారు చేయవలసిన పనులూ ఉన్నాయనీ చెప్పడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశ్యం.

పరీక్ష దేనికోసం?

మన దేశంలో 2022లో సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా సోకినట్లు, దాదాపు 80 వేల మంది మరణించినట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా వేసింది. ఇంతమందిని బలిగొంటున్న ఈ వ్యాధి నిజానికి చాలా నెమ్మదిగా ఎదిగేది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల కణాలలో మార్పు మొదలై, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఈ వ్యవధి ఇంకా తక్కువ కావచ్చు. ఈ దీర్ఘకాలంలో ఎప్పుడు పట్టుకున్నా చిన్న చికిత్సతో దానిని ఆపవచ్చు.

30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు నిర్దేశించాయి. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుండి నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్‌లతో పాటు దీనికి కూడా ఇంటింటి సర్వే మొదలైంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు తలుపు తట్టి పిలుస్తున్నది ఇందుకే. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు సుమారు లక్షన్నర మంది పేద స్త్రీలతో 1998లో ఒక పెద్ద అధ్యయనం ఆరంభించారు. శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకొకసారి పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తరువాత లెక్క చూస్తే, పరీక్షకు పిలిచిన స్త్రీలలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పెద్ద యంత్రాలు లేకుండా కాపాడిన ప్రాణాలవి.

ఫలితం ఎందుకు ఆలస్యమవుతుంది?

ఆలస్యమయ్యే కొద్దీ, ఏదో చెడ్డది కనబడినందువల్లనే దాచిపెడుతున్నారేమోనన్న భయం మనసులో పెరుగుతుంది. ఆలస్యానికి అసలు కారణాలు తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో తరచుగా చేసేది, వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని పలుచగా కలిపి ముఖద్వారానికి పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లని మచ్చ కనబడుతుందేమో చూసే పరీక్ష. దీని ఫలితం అప్పటికప్పుడే చెబుతారు. పాప్ స్మియర్ అలా కాదు. మెత్తని బ్రష్‌తో తీసిన కణాలను ప్రయోగశాలకు పంపాలి, రంగు వేయాలి, నిపుణులు సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క గాజు పలకనూ చూడాలి. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాలను చాలాచోట్ల కొన్నింటిని పోగుచేసి ఒకేసారి యంత్రంలో పెడతారు. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ అయితే, ఆ ముక్కను మందులో నానబెట్టి, మైనంలో బిగించి, కాగితం కన్నా పలుచని పొరలుగా కోసి చూడవలసి ఉంటుంది. తీరగ్రామంలో తీసిన నమూనా నెల్లూరుకో, తిరుపతికో ప్రయాణించే సమయం కూడా ఇందులో కలుస్తుంది. అందువల్ల పది రోజులు పట్టినంత మాత్రాన ఫలితం చెడ్డదని అర్థం కాదు. రెండు రోజుల్లో వస్తే మంచిదనీ అర్థం కాదు.

ఆ కాగితంపై ఉండే మాటలు

ఆందోళనలో ఎక్కువ భాగం తెలియని మాటల వల్ల కలుగుతుంది. 'అసాధారణం' అని రాసి ఉంటే చాలామంది దానిని క్యాన్సర్ అనే చదువుకుంటారు. అది పొరపాటు. కణాలు మామూలుగా లేవు, మరోసారి దగ్గరగా చూడాలి అన్నదే ఆ మాటకు అర్థం. 'నమూనా సరిపోలేదు' అంటే తీసిన కణాలు చాలలేదు, మళ్లీ తీయాలి అని మాత్రమే. 'వాపు' లేక 'ఇన్‌ఫ్లమేషన్' అని ఉంటే అది చాలా సందర్భాలలో మామూలు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేదే.

'ఎల్‌ఎస్‌ఐఎల్' అన్నది స్వల్పమైన మార్పు. వీటిలో ఎక్కువ భాగం చికిత్స లేకుండానే సర్దుకుంటాయి, అయినా వైద్యులు చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకోవాలి. 'హెచ్‌ఎస్‌ఐఎల్' అన్నది గట్టిగా పట్టించుకోవలసిన మార్పు. అది కూడా క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే కాలక్రమేణా క్యాన్సర్‌గా మారగలదు. అటువంటప్పుడు కాల్పోస్కోపీ అనే భూతద్దపు పరికరంతో ముఖద్వారాన్ని పరిశీలించి, అవసరమైతే ఆ భాగాన్ని చల్లదనంతోనో వేడితోనో తొలగిస్తారు. చాలామంది స్త్రీలు అదే రోజు ఇంటికి తిరిగి వెళ్తారు.

మూసా తల్లి గుండె

ఆందోళన పడే స్త్రీతో కొందరు, "నమ్మకం ఉంటే భయమెందుకమ్మా?" అంటారు. మంచి ఉద్దేశ్యంతోనే అంటారు. కానీ ఆ మాటతో ఆమెకు ఉన్న భయానికి తోడు, తన విశ్వాసం బలహీనమేమోనన్న అపరాధ భావం కూడా చేరుతుంది.

దివ్య ఖుర్ఆన్ సూరహ్ అల్ ఖసస్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మాతృమూర్తి ప్రస్తావన వస్తుంది. పసిబిడ్డను నదిలో వదలమని, ఆ బిడ్డను తిరిగి ఆమె దగ్గరకే చేరుస్తానని సాక్షాత్తు అల్లాహ్ ఆమె మనసుకు తెలియజేశాడు. అంతటి హామీ లభించినా ఆమె గుండె శూన్యమైపోయింది. గుట్టు బయటపెట్టేంత వేదన కలిగింది. అల్లాహ్ ఆమెను నిందించలేదు, ఆమె హృదయాన్ని గట్టిపరిచాడు. అప్పుడు ఆ తల్లి చేసిన పని గమనించదగినది. బిడ్డ వెనుకే వెళ్లి ఏం జరుగుతుందో చూడమని తన కుమార్తెను పంపింది.

ఈ వృత్తాంతం నుండి మేము గ్రహించే పాఠాలు రెండు. గుండె దడదడలాడడం అవిశ్వాసం కాదు. నమ్మకం ఉన్నవారు కూడా తమ చేతిలో ఉన్న పని చేస్తారు, తమకు తోడుగా ఒకరిని పిలుస్తారు. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన సారాంశం కూడా ఇదే.

ఎదురుచూసే రోజుల్లో చేయదగినవి

పరీక్ష జరిగిన రోజే నాలుగు విషయాలు అడిగి రాసుకోవాలి. ఏ పరీక్ష చేశారు? ఫలితం ఏ రోజుకు వస్తుంది? ఎవరు, ఎలా తెలియజేస్తారు? ఆ రోజుకు రాకపోతే ఏ నంబరుకు ఫోను చేయాలి? ఈ నాలుగూ చేతిలో ఉంటే 'ఎప్పుడో' అన్న అనిశ్చితి తొలగి, 'ఫలానా రోజు' అన్న హద్దు ఏర్పడుతుంది. ఇచ్చిన నంబరు ఇంట్లో ఎవరిదో కూడా చూసుకోవాలి. ఎప్పుడూ బయట ఉండే కుమారుడి ఫోను నంబరు ఇచ్చినట్లయితే, ఆసుపత్రి వారు చేసిన ఫోను ఆమెకు అందకుండానే పోవచ్చు.

ఇంట్లోనో, బంధువుల్లోనో నమ్మదగిన ఒక్కరికి విషయం చెప్పాలి. అక్క కావచ్చు, ఆడపడుచు కావచ్చు, భర్త కావచ్చు. వాట్సాప్ గ్రూపులో పెట్టవలసిన అవసరం లేదు. అర్ధరాత్రి ఫోను పట్టుకుని వీడియోలు వెతకడం మానుకోవాలి. అక్కడ కనబడేవన్నీ ముదిరిన వ్యాధి కథలే, అవి మన రిపోర్టు గురించి ఏమీ చెప్పలేవు. మనసులో మెదిలే ప్రశ్నలను ఒక కాగితంపై రాసి పెడితే, వైద్యురాలిని కలిసినప్పుడు పనికివస్తాయి, అంతవరకు తలలో తిరగకుండా ఆగుతాయి.

రోజువారీ పని మానవద్దు. వేళకు తిండి, వేళకు నిద్ర, అయిదు పూటల నమాజు, ఇవే ఆ రోజులకు ఒక క్రమాన్ని ఇస్తాయి. సజ్దాలో మన భాషలోనే మన భయాన్ని మనసులో అల్లాహ్‌కు విన్నవించుకోవచ్చు. బయాప్సీ తరువాత కొద్ది రోజులు స్వల్పంగా రక్తం కనబడవచ్చు. అది రుతుస్రావం కాదు కనుక నమాజు మానవలసిన పని లేదు. వుజూ, ఉపవాసం విషయంలో సందేహం ఉంటే తెలిసిన ఆలింను అడగాలి. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావం ఉన్నా రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దిగులుతో రోజుల తరబడి తిండి, నిద్ర కరువైతే టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

భర్తలకు ఒక మాట

ఇక్కడ కొంచెం నిస్సంకోచంగా మాట్లాడక తప్పదు. హెచ్‌పీవీ దాంపత్య సంబంధం ద్వారా సోకే వైరస్. ఈ సంగతి సగమే తెలిసిన ఇళ్లలో, 'పాజిటివ్' అన్న ఒక్క మాట కాపురాన్ని కుదిపివేయగలదు. భర్త సంవత్సరాల తరబడి కువైట్‌లో ఉన్న ఇంట్లో ఆ మాట ఎంత పెద్ద అనుమానానికి దారి తీయగలదో వేరే చెప్పనక్కరలేదు. రిపోర్టు చూపించడానికే భయపడి దానిని దాచుకునే స్త్రీకి చికిత్స అందే దారే మూసుకుపోతుంది.

కనుక పూర్తి సంగతి తెలుసుకోవాలి. వివాహిత జీవితం గడిపే వారిలో అత్యధికులకు, స్త్రీలకైనా పురుషులకైనా, ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. పదిలో తొమ్మిది సందర్భాలలో రెండేళ్లలోపు శరీరమే దానిని తరిమివేస్తుంది. మిగిలినప్పుడు అది ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి అణగి ఉండి, ఆ తరువాత బయటపడవచ్చు. అది ఎప్పుడు సోకిందో, ఎవరి నుండి సోకిందో ఏ ప్రయోగశాల కూడా చెప్పలేదు. శీలవతులపై నింద మోపేవాడు నలుగురు సాక్షులను తీసుకురావాలని సూరహ్ అన్నూర్ ఆదేశిస్తోంది. ప్రయోగశాల కాగితం ఆ సాక్షులలో ఒకటి కాదు. దాని ఆధారంగా భార్యను నిలదీయడం వైద్యం దృష్టిలో అజ్ఞానం, ధర్మం దృష్టిలో అన్యాయం.

భర్త చేయగలిగింది చాలా ఉంది. ఫలితం తెచ్చుకునే రోజు ఆమె వెంట వెళ్లవచ్చు. వేసవిలో తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. సముద్రంపై ఆధారపడిన ఇళ్లలో మగవారు ఊళ్లో ఉండే ఆ రెండు నెలలు ఇటువంటి పరీక్షలకు అనువైన కాలం. విదేశంలో ఉన్నవాడు ఆ రోజు ఒక ఫోను చేసి, "ఏం వచ్చినా నేనున్నాను, ముందు మందు సంగతి చూద్దాం" అనవచ్చు. ఆ ఒక్క మాటతో ఆమెకు సగం బరువు దిగుతుంది.

ఊరు చేయగలిగింది

మైపాడు, తుమ్మలపెంట వంటి ఊళ్ల నుండి పెద్దాసుపత్రికి వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది, పిల్లలను ఎవరైనా చూడాలి. చాలామంది పరీక్ష వరకు వచ్చి, రిపోర్టు కోసం తిరిగి వెళ్లకపోవడానికి భయం ఒక కారణమైతే ఇవి మరొక కారణం. మస్జిదు కమిటీ నెలకొకసారి ఒక వాహనం ఏర్పాటు చేయలేదా? మన మహిళల సమావేశంలో ఒకరు బాధ్యత తీసుకుని, తేదీలు గుర్తుచేయలేరా? పరదా గురించి సంకోచించే వారి కోసం మహిళా వైద్యురాలు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని చెప్పలేరా? మదీనాలో గాయపడినవారికి మస్జిదు దగ్గరి గుడారంలో సేవ చేసిన రుఫైదా (రజియల్లాహు అన్హా) చరిత్ర తెలిసిన సమాజానికి ఇది కొత్త పని కాదు.

చివరిగా, ఎదురుచూస్తున్న సోదరికి మా విన్నపం. ఎదురుచూడడంలో ప్రమాదం లేదు. ప్రమాదమంతా వచ్చిన రిపోర్టును తెచ్చుకోకపోవడంలో, తెచ్చుకుని బీరువాలో దాచడంలో ఉంది. చెప్పిన తేదీకి వెళ్లండి, ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. అంతా బాగుందని చెబితే అల్హమ్దులిల్లాహ్ అని, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి రాసుకోండి. మరో పరీక్ష కావాలంటే దాని తేదీ అక్కడే తీసుకుని ఇంటికి రండి. చికిత్స అవసరమైతే ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏమేమి అందుతాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. మీ ఆరోగ్యం మీకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని కాపాడుకునే ప్రతి అడుగుకూ ఆయన దగ్గర ప్రతిఫలం ఉంటుందని మా ఆశ.