డిజిటల్ పటము: ఎంచుకొనుటయు, వాడుకొనుటయు

గోడమీద నాలుగు పటములు లేని తెలుగు లోగిలి యుండదు. పెండ్లినాటి దంపతులు, పట్టా పుచ్చుకొన్న కుమారుడు, బోసినవ్వు నవ్వు మనుమరాలు, గంధమద్ది దండ వేసిన పెద్దలు - వీరందఱును గోడపై నుండి యింటివారిని జూచుచుందురు. వచ్చిన చుట్టములు "ఈమె యెవరమ్మా?" అని యడుగుటయు, ఇల్లాలు చెప్పుటయు, ఆ మాటల నడుమ వంశచరిత్ర మంతయు దొరలుటయు మన గృహములలో వాడుకయే. గడచిన యిరువది యేండ్లలో నీ వాడుక సన్నగిల్లినది. ఛాయాచిత్రములు తగ్గినందున గాదు, మితిమీఱి పెరిగినందున. నేడు బొమ్మలన్నియు సెల్ ఫోనులో నున్నవి. ఫోను జేబులో నున్నది. దానికి తాళము కూడ నున్నది. ఇంటిలోని వృద్ధురాలు మనుమని బొమ్మ చూడవలెనన్న నెవరినో బ్రతిమాలుకొనవలెను. వారు వ్రేలితో నొక్క త్రోపు త్రోయుదురు. ఆమె కంటద్దములు సవరించుకొను లోపల బొమ్మ దాటిపోవును.

ఈ కొఱత దీర్చుటకు డిజిటల్ ఫోటో ఫ్రేము అను సాధనము బజారులో దొరకుచున్నది. చూచుటకు పటమువలెనే యుండును. కాగితపు బొమ్మకు బదులు వెలుగు తెర యుండును. వేలకొలది బొమ్మలను దానిలో నిలువ చేయవచ్చును. అవి యొకదాని వెనుక నొకటి తమంత తామే మాఱుచుండును. తాకనక్కఱలేదు, తాళము తీయనక్కఱలేదు. పెద్దల పుట్టినదినములకు దీనిని కానుకగా నిచ్చు బిడ్డలు పలువురు గలరు. కాని తెచ్చిన మూడు నెలలకే తీగ యూడదీయబడి బీరువాపై దుమ్ము పట్టియున్న ఫ్రేములను మేము పెక్కిండ్ల జూచితిమి. దోషము కొంత యంత్రమునందును, కొంత యెంపికయందును గలదు. అంతకంటె నెక్కువగా దానిలో నుంచిన బొమ్మలయందు గలదు. కావున నీ మూటిని గూర్చియు సోదరీమణులకు గొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

మొదట దీని పుట్టుక. 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థ యందు పనిచేయుచుండిన స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు మొదటి డిజిటల్ కెమేరాను నిర్మించెను. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు దానికి 23 సెకండ్లు పట్టెను. ఆ బొమ్మలోని చుక్కలు 10 వేలు మాత్రమే. దానిని చూచుటకు టెలివిజను తెర కావలసివచ్చెను. అనగా డిజిటల్ బొమ్మ పుట్టినది మొదలు కాగితమును గాక తెరనే యాశ్రయించినది. 2000 సంవత్సర ప్రాంతమున సీవా అను నమెరికా సంస్థ టెలిఫోను తంతి ద్వారా బొమ్మలను దెప్పించుకొను ఫ్రేమును అమ్మజూపెను. నేటి ఫ్రేములు ఆ వంశమునకు జెందినవే.

ఇక నెంచుకొనుట. ఫ్రేములు ముఖ్యముగా రెండు విధములు. మెమరీ కార్డునో పెన్ డ్రైవునో గ్రుచ్చి బొమ్మలు చూచునవి మొదటి తరగతి. ఇంటిలోని వైఫై నాధారముగా జేసికొని దూరముననున్నవారు ఫోనునుండి పంపు బొమ్మలను గ్రహించునవి రెండవ తరగతి. పిల్లలందఱు దగ్గఱనే యుండి, నెలకొకమాఱు కార్డు మార్చు నోపిక గలవా రింట నున్నచో మొదటిది చాలును. దానికి వెలయు తక్కువ, చిక్కులును తక్కువ. బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో యుండి, తల్లిదండ్రు లిచ్చట నొంటిగా నుండు గృహములకు రెండవది తగినది. అచ్చట రాత్రి పంపిన బొమ్మను ఇచ్చట తల్లి కాఫీ కాచుకొనుచు చూడగలదు.

ఈ రెండవ తరగతి కొనుటకు ముందు మూడు ప్రశ్న లడుగవలెను. ఏటేట చందా కట్టవలెనా? ఇంటర్నెట్టు నిలిచిపోయినపుడు లోనున్న బొమ్మలు కనబడునా? బొమ్మలు ఫ్రేములోనే నిలువయుండునా, లేక కంపెనీవారి భాండాగారమున మాత్రమే యుండునా? మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. ఏలయన కంపెనీ తన సేవను మానుకొన్ననాడు, భాండాగారమునే నమ్ముకొన్న ఫ్రేము వట్టి గాజుపలకయై మిగులును. మఱియు చాల ఫ్రేములు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే యందుకొనును. ఇంటి వైఫైలో నది యున్నదో లేదో ముందే కనుగొనుట మేలు.

తెర కొలతను మూలనుండి మూలకు అంగుళములలో జెప్పుదురు. 7 అంగుళములది వ్రాతబల్లకే తగును. కూర్చుండు గదిలో బల్లపై నుంచుటకు 10 అంగుళములు చాలును. గోడకు దగిలించి దూరమునుండి చూడవలెనన్న 15 అంగుళములకు దక్కువ పనికిరాదు. అయితే కొలతకంటె ముఖ్యమైనది తెర యాకారము. ఫోను కెమేరా సాధారణముగా 4:3 పాళ్లలో బొమ్మ తీయును. వెనుకటి ఫిల్ము కెమేరాలలో నెక్కువవి 3:2 పాళ్లవి. ఫ్రేములలో నధికభాగము 16:10 గాని 16:9 గాని యైన పొడవు తెరలు. ఇందువలన రెండు కష్టములు గలుగును. తెర నింపుటకై బొమ్మను పెంచినచో పెద్దవారి తలలో, పిల్లల పాదములో తెగిపోవును. పెంచనిచో ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగులును. నిలువుగా దీసిన ఫోను బొమ్మ 16:10 తెరపై సగముకంటె దక్కువ చోటునే యాక్రమించును. కావున ఫోను బొమ్మలే యెక్కువగా గల యిల్లాలు 4:3 తెర వెదకుకొనవలెను. అది దొరకనిచో తల తెగు పద్ధతిని మాని, పట్టీలు మిగులు పద్ధతినే యమర్చుకొనుట మంచిది.

తెరలోని చుక్కల సంఖ్యనుబట్టి స్పష్టత యుండును. 1024 × 600 అన్నచో సుమారు 6 లక్షల చుక్కలు. 1280 × 800 అన్నచో 10 లక్షలకు కొంచెము పైన. పది అంగుళముల తెరకు ఈ రెండవదానికి దక్కువ కొనరాదు. ఫోనులోని 12 మెగాపిక్సెళ్ల బొమ్మలో 1 కోటి 20 లక్షల చుక్కలుండును గాన, మన ఫోను చిన్నదని చింతింప బనిలేదు. తెర "ఐ.పి.ఎస్." జాతిదా యని యడుగుడు. అంగడిలోనే ప్రక్కకు జరిగియు, క్రిందికి వంగియు చూడుడు. మంచి తెరయైనచో ముఖముల రంగు మాఱదు. సామాన్యమైనదైనచో ప్రక్కనుండి చూచువారికి ముఖములు వెలవెలబోవును. పడకకుర్చీలో నుండి చూచు పెద్దలకు ఈ భేదము చాల గలదు.

కరెంటు ఖర్చునకు భయపడనక్కఱలేదు. పది వాట్ల ఫ్రేము దినమునకు 12 గంటలు వెలిగినను నెలకు 3.6 యూనిట్లు మాత్రమే యగును. రాత్రి తానే ఆరి, ఉదయము తానే వెలుగు నేర్పాటు గలదానిని కొనవలెను. పడకగదిలో వెలుగు తెర నిద్రకు శత్రువు. కరెంటు పోయి వచ్చిన తరువాత తనంత తాను వెలుగునో లేదో యంగడిలోనే తీగ పెఱికి, మరల గ్రుచ్చి చూడుడు. ప్రతిమాఱు మీట నొక్కవలసిన ఫ్రేము వృద్ధుల యింట నెక్కువ దినములు నడువదు.

ఉంచు చోటును గూర్చి యొక మాట. కిటికీ కెదురుగా నుంచిన తెరలో కిటికీయే కనబడును. పొయ్యి దాపునను, దీపధూపముల పొగ తగులుచోటను ఉంచరాదు. కూర్చున్నవారి కంటి యెత్తున నుండవలెను. తీగ నడకదారికి అడ్డముగా రాకూడదు. ఫ్రేముతో వచ్చిన అడాప్టరునే వాడవలెను. 5 వోల్టుల ఫ్రేమునకు 12 వోల్టులది తగిలించినచో చెడిపోవచ్చును. తుడుచుటకు పొడి మెత్తని గుడ్డయే చాలును, తడిగుడ్డ తగిలింపరాదు.

ఇక బొమ్మలు. అన్నిటినిఁ దెచ్చి యందు గుమ్మరించుటయే పెక్కురు చేయు తప్పు. ఒకే నవ్వు పదునాలుగు మాఱులు, గ్యాసు రసీదు, మందుచీటీ, వాట్సాపులో వచ్చిన "శుభోదయము" - ఇవన్నియు వరుసగా వచ్చుచున్న తెరను రెండు దినములు చూచి మూడవనాడు ఎవరును కన్నెత్తి చూడరు. మొదట నూఱు బొమ్మలతో మొదలిడుడు. మాసమునకు పది చేర్చి, పది తీయుడు. ఒక్కొక్క బొమ్మ నిలుచు కాలమును కొన్ని సెకండ్లకు గాక, అయిదు నిమిషములకో పదినిమిషములకో యమర్చుడు. మాట పుట్టుటకు ఆ మాత్రపు వ్యవధి కావలెను. ఐఫోనులు 2017 నుండి హెచ్.ఈ.ఐ.సి. అను పద్ధతిలో బొమ్మలను దాచుచున్నవి. కొన్ని ఫ్రేము లా బొమ్మలను చూపజాలవు. వానిని జేపెగ్ పద్ధతిలోనికి మార్చినచో చూపును.

పాత కాగితపు బొమ్మలను మఱవరాదు. నాలుగంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గల బొమ్మను అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాను చేయించినచో 1200 × 1800 చుక్కలు వచ్చును. పది అంగుళముల తెరకు అది ధారాళముగ చాలును. చిన్న బొమ్మలకు 600 చొప్పున చేయింపవలెను. అద్దమున కంటుకొనిపోయిన పాత బొమ్మను బలవంతముగా నూడదీయరాదు. బొమ్మపై పొర యద్దముతో వచ్చివేయును. అద్దముతోగూడనే స్కాను చేయించుట మేలు. చేయించిన పిదప మూలమును పాఱవేయక, చెమ్మ తగులని చోట దాచియుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన పని యొకటి గలదు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు గల కారణమును అదియే. ప్రతి యింట నొక డబ్బానిండ పాతబొమ్మలుండును. వానిలోని వారి పేర్లు ఒక్కరికో యిద్దఱికో మాత్రమే తెలియును. ఆ యొక్కరు సాధారణముగా అమ్మమ్మయో నాయనమ్మయో. ఆమె కన్ను మూసిన మఱునాడు ఆ డబ్బాలోనివారందఱు పరాయివారగుదురు. కాగితమున్నను, ముఖమున్నను, పేరు పోయిన బొమ్మ అనాథ. యంత్రము ముఖములను పోల్చగలదు గాని, "ఈమె మా పెద్దత్త, కాన్పున కొచ్చి ఆఱు నెలలుండి నాకు చదువు నేర్పినది" అని చెప్పజాలదు.

ఇచ్చట నీ ఫ్రేము గొప్ప యుపకారము చేయును. పాతబొమ్మలను పది చొప్పున దానిలోని కెక్కించి, పెద్దామె కెదుట నుంచుడు. ప్రశ్నపత్రమువలె వరుసగా నడుగవలదు. బొమ్మ మాఱినపుడెల్ల ఆమెకే మాట తోచును. ఆమె చెప్పిన పేరు, ఊరు, వరుస, తెలిసినంతవఱకు సంవత్సరము వెంటనే వ్రాసికొనుడు. ఆ పిమ్మట ఫోనులోనే బొమ్మ యడుగున నా పేర్లను వ్రాసి, ఆ ప్రతిని ఫ్రేములో నుంచుడు. కొన్ని ఫ్రేములకు తెలుగులిపి రాదు. బొమ్మమీదనే వ్రాసిన యక్షరములు మాత్రము ఎచ్చటనైనను కనబడును. పేరు లేని మూలప్రతిని వేఱుగా నుంచుట మఱవకుడు.

ఎవరి బొమ్మ లుంచవలెను, ఎవరివి మానవలెను అనునది యంత్రమునకు వదలదగినది గాదు. కొన్ని బొమ్మలు నొప్పించును. విడిపోయిన యాడబిడ్డ పెండ్లి, చేతికంది పోయిన బిడ్డ నవ్వు - ఇవి చుట్టములతో మాటలాడుచుండగా చటాలున తెరపైకి వచ్చినచో, ఆ తల్లి గుండె యేమగును? అడిగి యుంచుడు, వద్దన్నచో మానుడు. కాని గతించినవారిని పూర్తిగా తొలగింపనక్కఱలేదు. దండవేసిన పటము గోడమీద నుండనిండు. ఫ్రేములో మాత్రము ఆమె ఆవకాయ కలుపుచున్నట్లును, ఆయన మనుమని వీపున మోయుచున్నట్లును నుండనిండు. బ్రతికిన దినములే మఱల మఱల కనబడుట యొక యోదార్పు.

మానమర్యాదల విషయమునను ఎచ్చరిక కావలెను. హైదరాబాదులో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను నాస్థాన ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన రాజా దీనదయాళు (1844-1905) 1892లో స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియోను నెలకొల్పెను. ఘోషాలోనుండు స్త్రీలు పరపురుషుని కంటబడకుండ బొమ్మ తీయించుకొనుటకై దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను నాంగ్ల వనితకు అప్పగించెను. ఘోషా యెక్కడ తొలగిన నక్కడ మేలే జరిగినది. కాని తన బొమ్మను ఎవరు చూడవలెనో తానే నిర్ణయించుకొను హక్కు స్త్రీకి అప్పు డెంత యవసరమో, యిప్పుడు నంతే యవసరము. కూర్చుండు గదిలోని ఫ్రేమును పాలవాడును, మరమ్మతు చేయువాడును చూచుచుందురు. బిడ్డల స్నానపు బొమ్మలు, బాలింత బొమ్మలు, కోడలు వద్దన్న బొమ్మలు అందుండరాదు. బొమ్మలు పంపు నధికారమును ఇంటివారికి మాత్రమే యీయుడు. ఫ్రేమును ఇంకొకరి కిచ్చునపుడో, మరమ్మతునకు పంపునపుడో బొమ్మలన్నియు తుడిచి, కార్డు తీసికొని మఱి యీయుడు. ఫ్రేములో నున్నవని ఫోనులోనివి చెఱిపివేయరాదు. వేఱొకచోట నింకొక ప్రతి యుండితీరవలెను.

ఇంతకును ఫ్రేము నెంచుట గంటసేపటి పని. ధనమిచ్చినచో నెవరైనను తేగలరు. పేర్లు సేకరించుట మాత్రము ధనముతో నగునది గాదు, తరువాత చూచుకొందమన్నచో సాగునదియు గాదు. ఫ్రేము కొనుటకు వీలులేని సోదరీమణులు సయితము ఆ పనిని నేడే మొదలిడవచ్చును. డబ్బా దింపుడు, మెత్తని పెన్సిలుతో బొమ్మ వెనుక నంచున తేలికగా పేరు వ్రాయుడు. రాబోవు పండుగకు పెద్దలును పిల్లలును ఒక్కచోట గూడునపుడు, వంట ముగిసి వడ్డన మొదలగు లోపల నున్న యరగంట యిందుకు జాలును.