రేడియేటర్ లోపలి కూలర్

అమెరికాలో 2005–2010 మధ్య మోడళ్ల నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది గేర్ ఆయిల్ రంగు. ఎర్రగా, తేటగా ఉండాల్సిన ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీ రంగుకు తిరిగితే, బాడీ ఎంత మెరుస్తున్నా బేరం అక్కడితో ఆపేయడమే మేలు. యజమానులు దానికి స్ట్రాబెరీ మిల్క్‌షేక్ అని పేరే పెట్టుకున్నారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ఈ బండ్లలో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు. కూలెంట్ తగ్గిపోతే ఇంజన్ కూడా వేడెక్కుతుంది. చూడటానికి రెండు జబ్బులు, మూలం మాత్రం ఒక్కటే.

ఆ మూలం తెలియాలంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోని ద్రవం దగ్గర మొదలుపెట్టాలి. ఇంజన్‌కూ చక్రాలకూ మధ్యకి ద్రవం వచ్చింది ఓడల వల్ల. ఆవిరి టర్బైన్ విపరీతమైన వేగంతో తిరుగుతుంది; ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే నీటిని బాగా తోస్తుంది. ఈ రెంటినీ కలపడానికి స్టెట్టిన్‌లోని వుల్కాన్ ఓడల కర్మాగారంలో పనిచేసే హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో ఒక పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక చక్రం ద్రవాన్ని విసురుతుంది, ఆ తాకిడికి ఎదుటి చక్రం తిరుగుతుంది. లోహం లోహాన్ని తాకదు. ఆ ఊహే 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌గా రోడ్డెక్కింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టూవర్ట్ ట్యాంకులనూ నడిపింది. 1948లో బ్యూక్ డైనాఫ్లోతో, ఈ ద్రవ చక్రాల మరో రూపమైన టార్క్ కన్వర్టర్ కార్లలోకి వచ్చింది.

ఈ సుఖానికి వెల వేడి. ద్రవం జారినప్పుడల్లా కొంత శక్తి వేడిగా మారి ఆయిల్‌లోకే చేరుతుంది. అందుకే ఆ ఆయిల్‌ను పైపుల్లో ముందుకు తెచ్చి, రేడియేటర్ ట్యాంకులో మునిగి ఉన్న చిన్న కూలర్ గుండా తిప్పుతారు. బయట కూలెంట్, లోపల ఆయిల్, మధ్యలో పలుచని లోహపు గోడ. చలికాలం పొద్దున ఇదే కూలర్ ఆయిల్‌ను త్వరగా వెచ్చబరుస్తుంది కూడా. నిజంగా తెలివైన ఏర్పాటు, ఆ గోడ నిలిచినంతకాలం.

ఫ్రాంటియర్‌లలో, వాటి తోబుట్టువులైన పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రాలలో చాలావాటికి ఆ గోడే చిట్లింది. ఇంజన్ ఆపాక ఆయిల్ పంపు ఆగిపోతుంది గానీ, వేడి కూలెంట్‌లో ఒత్తిడి కాసేపు నిలిచే ఉంటుంది. అప్పుడు కూలెంట్ గేర్‌బాక్స్ వైపు జొరబడుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లపై ఉండేది కాగితపు జాతి లైనింగ్, అదీ జిగురుతో అంటించింది. కూలెంట్‌లోని నీళ్లూ గ్లైకాలూ తగిలితే మెత్తబడి ఊడుతుంది. కోర్టు కేసుల తర్వాత రేడియేటర్ వారంటీ పదేళ్లు లేదా లక్ష మైళ్ల దాకా పెరిగింది; నేడు అమ్మకానికి వచ్చే బండ్లన్నింటికీ ఆ గడువు దాటిపోయింది.

అయితే గేర్‌బాక్స్ పట్టు జారే ప్రతి పికప్‌లోనూ తప్పు కూలర్‌దే కాదు. ఆయిల్ ముదురు గోధుమ రంగుకు మారి మాడు వాసన వేస్తే క్లచ్‌లు కాలినట్టు. ఆయిల్ మట్టం తగ్గినా పట్టు జారుతుంది. గేర్ ఆయిల్ బాగుండి ఇంజన్ ఆయిల్ పాలరంగులో ఉంటే అనుమానించాల్సింది హెడ్ గ్యాస్కెట్‌ను. రెండూ శుభ్రంగా ఉండి వేడి చూపే ముల్లు ఎక్కుతుంటే థర్మోస్టాట్, ఫ్యాన్, మూసుకుపోయిన రేడియేటర్ చూడాలి. జారే గేర్‌బాక్స్ తన వేడిని రేడియేటర్‌లోకే దింపుతుంది కాబట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు జారి ఆ తర్వాతే ఇంజన్ వేడెక్కితే వెతుకులాట గేర్‌బాక్స్ నుంచే మొదలవ్వాలి. కూలెంట్ తగ్గిందేమో రేడియేటర్ మూత తీసి చూడటం కూడా అవసరమే, ఇంజన్ పూర్తిగా చల్లారాక మాత్రమే. మాన్యువల్ గేర్లున్న మన సరుకు పికప్‌లలో ఈ కూలర్ గొడవ లేదు. అక్కడ పట్టు జారితే అరిగిన క్లచ్ ప్లేటే మొదటి అనుమానం.

జాగ్రత్తపరులైన ఫ్రాంటియర్ యజమానులు రేడియేటర్‌ను ముందే మార్చేస్తారు, లేదా పైపులను రేడియేటర్ నుంచి తప్పించి గాలితో చల్లబడే విడి కూలర్‌కు కలుపుతారు. గులాబీ ఆయిల్‌తో కొన్నాళ్లు తిరిగిన గేర్‌బాక్స్‌కు ఆయిల్ మార్చినంత మాత్రాన బాగుపడే ఆశ తక్కువ. దాన్ని విప్పి క్లచ్ ప్లేట్లు, టార్క్ కన్వర్టర్ మార్చాల్సి వస్తుంది. పాత బండికి ఆ ఖర్చు ఒక్కోసారి బండి ధరనే అందుకుంటుంది.