ఒక్క ఆఫీసు కోసం 238 ప్రతిపాదనలు.. ఎక్కువ ఆఫర్ ఇచ్చినోళ్లు ఎందుకు ఓడిపోయారు? అమెజాన్ పోటీ చెప్పే పాఠం ఇదే!

పెద్ద కంపెనీ వస్తుందంటే చాలు.. భూమి ఇస్తాం, పన్ను మినహాయిస్తాం అంటూ ప్రభుత్వాలు పోటీ పడతాయి. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకే ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో ఏపీ కేబినెట్ నిర్ణయించినప్పుడు పెద్ద చర్చే జరిగింది. అయితే ఈ పోటీ మన దగ్గరే కాదు.. అమెరికాలో ఇంకో రేంజ్‌లో నడిచింది.

అసలేం జరిగింది?

సియాటెల్‌కు తోడుగా రెండో ప్రధాన కార్యాలయం కడతామని 2017 సెప్టెంబర్‌లో అమెజాన్ ప్రకటించింది. 500 కోట్ల డాలర్ల పెట్టుబడి, 50 వేల ఉద్యోగాలు.. ఇదీ ఆఫర్. అంతే, అమెరికా, కెనడా, మెక్సికోల నుంచి 238 ప్రతిపాదనలు వచ్చి పడ్డాయి. జార్జియాలోని స్టోన్‌క్రెస్ట్ అయితే 345 ఎకరాలిచ్చి, దానికి 'అమెజాన్' అని పేరు పెడతామంది.

ఎవరెంత ఇస్తామన్నారు?

న్యూజెర్సీలోని న్యూఆర్క్ తరఫున వచ్చిన ఆఫర్ 700 కోట్ల డాలర్లు. మేరీల్యాండ్ ఏకంగా 850 కోట్లు అంది. అంటే కంపెనీ పెట్టే దానికంటే ప్రభుత్వం ఇచ్చేదే ఎక్కువ! ఈ రెండూ 20 నగరాల తుది జాబితాకు చేరాయి.. కానీ గెలవలేదు.

గెలిచింది ఎవరు?

2018 నవంబర్‌లో న్యూయార్క్, వర్జీనియాలోని ఆర్లింగ్టన్ ఎంపికయ్యాయి. ఒక్కోచోట 25 వేల ఉద్యోగాలన్నారు. వర్జీనియా ఇస్తానన్న నగదు ప్రోత్సాహం 55 కోట్ల డాలర్లే. మేరీల్యాండ్ చూపించిన స్థలం కూడా వాషింగ్టన్ పరిసరాల్లోనే ఉంది. అక్కడా ఇక్కడా దొరికే ఉద్యోగులు దాదాపు ఒకరే. అయినా పదో వంతు కూడా ఇవ్వని పక్క రాష్ట్రానికే ఆఫీసు దక్కింది. నిపుణులు దొరకడమే ముఖ్యమని అమెజాన్ కూడా చెప్పింది. వర్జీనియా కూడా టెక్ చదువులపై భారీగా ఖర్చు పెడతామంది.

న్యూయార్క్‌లో సీన్ రివర్స్

దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలపై స్థానిక నేతలు మండిపడ్డారు. దీంతో 2019 ఫిబ్రవరి 14న అమెజాన్ అక్కడి ప్లాన్ రద్దు చేసుకుంది. ట్విస్ట్ ఏంటంటే.. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ ప్రత్యేక రాయితీలేవీ లేకుండానే మన్‌హటన్‌లో 1,500 మందికి సరిపడా ఆఫీసు అద్దెకు తీసుకుంది.

ఆర్లింగ్టన్ సంగతేంటి?

తొలి దశ 2023 జూన్‌లో మొదలైంది. రెండో దశ పనులు మాత్రం అదే ఏడాది మార్చిలోనే ఆగాయి. అయితే వర్జీనియా ముందుగా డబ్బు చేతిలో పెట్టలేదు. మంచి జీతంతో ఉద్యోగం ఇచ్చాకే, ఒక్కోదానికి 22 వేల డాలర్లు అని షరతు పెట్టింది. ఉద్యోగాలు తగ్గితే చెల్లింపూ తగ్గుతుందన్నమాట.

అందుకే ఏ ప్రభుత్వం రాయితీ ప్రకటించినా ప్రజలు చూడాల్సింది రెండే. ముందే ఇచ్చేస్తున్నారా, ఉద్యోగాలు వచ్చాక ఇస్తున్నారా? రాకపోతే వెనక్కి తీసుకునే నిబంధన ఉందా? ఎందుకంటే అంతిమంగా అది పన్ను కట్టే జనం సొమ్మే!