సంతోషమును నిలుపుకొను విద్య

పుష్యమాసపు చలిలో, నర్సీపట్నము నుండి చింతపల్లి మార్గమున కొండలెక్కి, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగికి చీకటితోనే చేరుకొను యాత్రికులలో పెక్కురు, లోయలు నిండిన మంచును కన్నులారా చూడకయే మరియొక చోటికి తరలిపోవుచుందురు. వారికి సంతోషము లభించినది గాని, వారిలో నిలువలేదు.

షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ బ్రయంట్, జోసెఫ్ వెరాఫ్‌తో కలసి 2007లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమునే విపులముగా చర్చించెను. సుఖము కలుగుట యొకటి, కలిగిన సుఖమును ఎరుకతో ఆస్వాదించుట మరియొకటి యనియు, రానున్న దానికై ఎదురుచూచుటలోను, జరుగుచున్న దానియందు లీనమగుటలోను, గడచినదానిని నెమరువేసికొనుటలోను ఆస్వాదనము త్రివిధముగా సాగుననియు వారు వివరించిరి. పెద్దపండుగకు నెలనాళ్ళు ముందే అరిసెల మాట తలపెట్టి, పండుగ వెళ్ళిన పిదప ఆ ముచ్చటలనే చెప్పుకొను మన పల్లెల యిల్లాండ్రకు ఈ మూడును సహజముగా అబ్బినవే.

చెరకు నరికెడి దినములలో నర్సీపట్నము ప్రాంతమున బెల్లము వండు చోటికి వెళ్ళినచో, రసము పెద్ద పెనములో చాలసేపు మరగి, మడ్డి తేరి, చిక్కబడిన వేళ, వేడి పాకమును కొంచెము ఆకులో వేసి యిత్తురు. దానిని గుటుక్కున మ్రింగక, ముందు ఆ వాసనను పీల్చి, వెచ్చదనము నాలుకపై కరగువరకు ఆగి, ఆ రుచిని ప్రక్కవారితో పంచుకొని పలుకుటయే ఈ విద్యకు తొలిపాఠము.

ఇంతటి ప్రయత్నమేల యన, మేలుకంటె కీడే మనస్సున గాఢముగా నాటుకొనునని మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు రాయ్ బామైస్టర్ ప్రభృతులు 2001లో నిరూపించిరి. కష్టము పిలువని పేరంటముగా వచ్చి తిష్ఠవేయును. సంతోషమును మనమే బ్రతిమాలి కూర్చుండబెట్టవలెను. అట్లు కూర్చుండబెట్టిన సంతోషము దేహమునకును హితము చేయును. ఉపన్యాసమీయవలె నన్న ఆందోళనతో గుండె వేగము హెచ్చినవారిలో, ఆహ్లాదకర చలనచిత్రములను చూచినవారు తక్కినవారికంటె త్వరగా స్తిమితపడిరని మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు బార్బరా ఫ్రెడ్రిక్సన్ బృందము 2000లో ప్రకటించెను. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 నాటి ఉగ్రవాద దాడుల పిమ్మట ఆమెయే జరిపిన పరిశీలనలో, మనోధైర్యము గలవారును దుఃఖించిరి గాని, ఆ దుఃఖము నడుమనే కృతజ్ఞతను, ప్రేమను అనుభవించి, క్రుంగుబాటునకు లొంగక నిలిచిరని తేలినది.

కావున ఈ విద్య దుఃఖమును కాదనదు. న్యాయమునకు బదులుగాను నిలువదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మన్యమున కాఫీతోటలను కూల్చినప్పుడు రైతునకు ముందుగా కావలసినది పరిహారమే. అయినను, దానికై కచేరీల చుట్టు తిరుగు దినములలో సైతము, సాయంకాలము బిడ్డ చెప్పు బడి ముచ్చటను చెవియొగ్గి తీరికగా వినగలవాడు, మరునాడు మరల ఆ గడప ఎక్కి తన హక్కును గట్టిగా అడుగగల సత్తువను కూడగట్టుకొనుచున్నాడు.