తెర పక్కన టీచరుంటేనే లెక్క తేలేది!

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం... షిఫ్టు సైరన్లతో నడిచే ఊళ్లు. అమ్మానాన్నల డ్యూటీని బట్టే పిల్లల చదువూ సాగుతుంటుంది. ఇప్పుడు లెక్కల సాధన వెబ్‌సైట్లు బడికీ, ఇంట్లో ఫోన్‌లోకీ వచ్చేశాయి. వాటితో నిజంగా లెక్కలు వస్తాయా?

402లోంచి 157 తీసేయమంటే కొందరు పిల్లలు 355 అని రాస్తారు. పరాకుగా చేశారని కోప్పడతాం. కానీ అది పరాకు కాదు. 7లోంచి 2, 5లోంచి 0, 4లోంచి 1... ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు. వాళ్లకో పద్ధతి ఉంది, అదే తప్పు. అలాంటివి ఇరవై లెక్కలు హోంవర్క్ ఇచ్చి మర్నాడు దిద్దితే, ఈలోగా ఆ తప్పే ఇరవైసార్లు సాధన అయిపోతుంది.

మంచి సాధన వెబ్‌సైట్ బలం ఇక్కడే. మొదటి లెక్క దగ్గరే తప్పని చెబుతుంది. పదుల స్థానంలో సున్నా ఉన్నప్పుడు వందల నుంచి అప్పు ఎలా తెచ్చుకోవాలో ఒక్కో మెట్టూ చూపిస్తుంది. వెంటనే అలాంటిదే ఇంకోటి ఇస్తుంది. పదిసార్లు తప్పినా విసుక్కోదు, నలుగురిలో నవ్వులపాలు చేయదు.

ఎక్కడ ఆగారో అక్కణ్నుంచే

అమెరికాలో సల్మాన్ ఖాన్ 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. అదే 2008 నాటికి ఖాన్ అకాడమీ అనే వెబ్‌సైట్ అయింది. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన జియోజీబ్రా సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగితే కోణాలు మారతాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీలే ఉంటుంది. రెండూ ఉచితమే.

మన దేశంలోనూ దీనిమీద గట్టి పరిశోధన జరిగింది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. మామూలు బడికే వెళ్లిన వారిలో అందరికన్నా వెనకబడినవాళ్లు పరీక్ష సాగిన నాలుగున్నర నెలల్లో దాదాపు ఏమీ నేర్చుకోలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌తో నేర్పే కేంద్రాలకు వచ్చినవాళ్లు మాత్రం స్పష్టంగా ముందుకెళ్లారు. కారణం, అది తరగతిని కాకుండా బిడ్డ స్థాయిని చూసి లెక్క ఇచ్చింది. ఇంకో సంగతి మరవొద్దు. ఆ కేంద్రాల్లో సగం సమయమే కంప్యూటర్ ముందు. మిగతా సగం మనుషులే చిన్న బృందాలకు చెప్పారు.

వలస పిల్లలకు వెసులుబాటు

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కార్మికులు వస్తారు. కాంట్రాక్టు ముగిస్తే ఇంకో ఊరు. ఏడాది మధ్యలో బడి మారిన పిల్లవాడు భిన్నాల దగ్గర ఆగాడా, భాగహారం దగ్గరా అన్నది కొత్త టీచరుకు తెలియదు. సాధన వెబ్‌సైట్‌లో ఖాతా ఉంటే ఎక్కడ ఆగాడన్న చిట్టా వాడి వెంటే వస్తుంది.

భాష మరో చిక్కు. అంకెలు అందరికీ ఒకటే, మాటల్లో ఇచ్చే రాత లెక్కలు కావు. ఎక్కువ వెబ్‌సైట్లు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. తెలంగాణ సర్కారు బడుల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. ఆ పుస్తకాన్ని తెర పక్కన తెరిచి పెడితే సగం చిక్కు తీరుతుంది. కేంద్రం 2017లో తెచ్చిన దీక్షా అనే ఆన్‌లైన్ వేదికలో తెలుగు, హిందీ, ఒడియా పాఠాలూ ఉన్నాయి.

2025 జులైలో తెలంగాణ విద్యాశాఖ ఆరు సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. ప్రాథమిక బడుల్లో భాష, లెక్కల పునాదికి ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సాయం, ఉన్నత పాఠశాలలకు ఖాన్ అకాడమీ పాఠాలు అందులో భాగం.

బడిలో ఇలా

నలభై మందికి పది కంప్యూటర్లే ఉన్నా నష్టం లేదు. పదిమంది తెర ముందుంటే, మిగతావాళ్లకు నోట్‌బుక్ పని ఇచ్చి, వెనకబడిన నలుగురితో టీచరు కూర్చోవచ్చు. ఆ నలుగురు ఎవరో వెబ్‌సైట్ రిపోర్టే చెబుతుంది. రిపోర్టు తెరిచి చూడని బడిలో అది ఉన్నా లేనట్టే. రఫ్ పేపర్ లేకుండా ఎవరినీ తెర ముందు కూర్చోనివ్వొద్దు. లేదంటే నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి నొక్కి, పాయింట్ల కోసం పరుగెడతారు.

ఇంట్లో ఇలా

చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క ఫోనే. అదీ నాన్నతోపాటు డ్యూటీకి వెళ్తుంది. ఆయన ఇంట్లో ఉన్న వేళే రోజూ ఇరవై నిమిషాలు లెక్కలకు కేటాయించండి. ఆ సమయంలో వీడియోలు, రీల్స్ వద్దు. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. పక్కన కూర్చుని ‘ఎలా చేశావో చెప్పు’ అని అడగండి చాలు. చెప్పగలిగితే వచ్చినట్టు, తడబడితే రేపు సార్‌ని అడగమనండి. పిల్లల ఫొటో, ఫోన్ నంబరు అడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లొద్దు.

పరిశ్రమలకో విన్నపం

కంపెనీల చట్టం 2013 ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బుతో బడికి ట్యాబులు కొనివ్వడం మంచిదే. కానీ అక్కడితో ఆగకండి. కార్మికులుండే బస్తీలో సాయంత్రం రెండు గంటలు పిల్లల పక్కన కూర్చుని లెక్కలు చెప్పే ఒక్క టీచరుకు జీతం కూడా ఇవ్వండి. పిల్లలకు లెక్కలు వచ్చేది అప్పుడే.