కళాయి మెరిస్తే చాలదు, దేంతో పూశారో అడగండి!

"బిందెలకు మాట్లేస్తాం... గిన్నెలకు కళాయి పూస్తాం..." అనే కేక స్టీలు సామాన్లు వచ్చాక మన ఊళ్ళల్లో బాగా తగ్గిపోయింది. ఇప్పుడేమో రాగి, ఇత్తడి మీద మళ్ళీ మోజు పెరిగింది. సోమశిల, ఆత్మకూరు, ఉదయగిరి వైపు కూడా అటక మీది అత్తగారి గుండిగలు కిందికి దిగుతున్నాయి. సంతోషమే! కానీ వాటిని పొయ్యెక్కించే ముందు కళాయి సంగతి కాస్త తెలుసుకోవాలి కదూ!

మన నెల్లూరు వంటకి పులుపే ప్రాణం. చేపల పులుసుని కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాస్తే చింతపండు పులుపుకి రాగి కరిగి కూరలోకి దిగుతుంది. దాంతో కడుపులో తిప్పడం, వాంతులు మొదలవుతాయి. అందుకే లోపల తగరం పూత పూయిస్తాం.

ఈ తగరం అంటుకోవాలంటే మధ్యలో ఒక మందు కావాలి. రాగిని వేడి చేస్తే గాలి తగిలి పైన నల్లటి పొర కడుతుంది. కరిగిన తగరం ఆ పొర మీద నిలవదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. ఆ పొరని తినేసి లోహాన్ని శుభ్రం చేసేదే ఈ మందు. ఇంగ్లీషులో ఫ్లక్స్ అంటారు. కళాయికి వాడేది నవాసారం. వేడి గిన్నెలో చల్లగానే గుప్పున తెల్లటి పొగ వస్తుందే, అదే! ఆ పొగ కళ్ళకీ గొంతుకీ మంట. కాబట్టి పని ఆరుబయటే చేయించండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

ఏ పనికి ఏ మందు?

* రాగి, ఇత్తడి గిన్నెల కళాయికి: నవాసారం.
* బంగారప్పని వాళ్ళు నగలు అతకడానికి: వెలిగారం.
* రేడియో, టీవీల రిపేరుకి: రోజిన్.
* గీజరు దగ్గరి రాగి గొట్టాల అతుకుకి: డబ్బాలో దొరికే ఫ్లక్స్ పేస్టు. ఇందులో ఎక్కువగా జింక్ క్లోరైడ్ ఉంటుంది.

మందు ఏదైనా వాడే పద్ధతి ఒక్కటే. ముందు మకిలి పోయి లోహం తళతళలాడేలా రుద్దాలి. మందు పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ అతుకుతుందనుకోవడం పొరపాటు. మంట గొట్టానికి తగలాలిగానీ అతుకు తీగకి కాదు. గొట్టం వేడికే తీగ కరిగి సందులోకి పాకాలి. పనయ్యాక తడిగుడ్డతో తుడిచి, గొట్టంలో నీళ్ళు బాగా వదలాలి. మిగిలిన మందు రాగిని నెమ్మదిగా తినేస్తుంది, అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. గిన్నెనైనా కళాయి తర్వాత రెండుమూడు సార్లు కడిగాకే వాడుకోండి.

అసలు భయం సీసంతో

తగరంలో సీసం కలిపితే తేలిగ్గా కరుగుతుంది. పైగా సీసం కన్నా తగరం ఖరీదు ఎన్నో రెట్లు. పూసిన రోజు రెండూ మెరుస్తాయి, కంటికి తేడా తెలీదు! కానీ సీసం పులుసులోకి, తాగే నీళ్ళలోకి దిగి పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. ఇంత అయితే ఫరవాలేదు అనే లెక్క దీనికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అమెరికాలో తాగునీటి గొట్టాలకి సీసం అతుకులు వాడకూడదని 1986లోనే చట్టం తెచ్చారు.

మరి మనమెట్లా కనిపెట్టాలి? కళాయి కడ్డీని తెల్లకాగితం మీద గీయండి. పెన్సిలు గీతలా నల్లగా పడితే సీసం ఉన్నట్టే. సన్నటి కడ్డీని చెవి దగ్గర వంచితే అసలు తగరం చిటచిటమంటుంది. అయితే కొద్దిపాటి సీసం ఈ పరీక్షలకి దొరకదు, కాబట్టి తెలిసిన మనిషి చేతే పూయించడం మేలు. రేడియో రిపేరు తీగలో సీసం ఉండడం మామూలే. దాంతో మంచినీళ్ళ బిందెకి మాటు వేయనీయకండి.

కళాయి నిలవాలంటే

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకని ఖాళీ గిన్నెని మంట మీద ఉంచకండి, అందులో తిరగమోత పెట్టకండి. లోపల ఇనప పీచుతో తోమకండి. చింతపండు తోముడు బయటివైపుకే! లోపల ఎర్రగానో పచ్చగానో అసలు లోహం కనబడిందంటే మళ్ళీ పూయించే వేళయిందన్నమాట.

చివరిగా ఒక్కమాట. కూరగాయల దగ్గర ఆడినట్టు కళాయి దగ్గర గీచిగీచి బేరం ఆడకండి. మనం తగ్గించిన పది రూపాయలూ సీసమై మన పిల్లల కంచంలోకే వస్తాయి. "ఏం తగరం వేస్తున్నావయ్యా, కడ్డీ చూపించు" అని అడగండి. మంచి పనివాడు ఆ మాటకి కోపగించుకోడు, సంతోషంగా చూపిస్తాడు.