ఆటల పండుగ – పిన్నల పరిశోధన

విద్యాకాలము ముగియవచ్చు దినములలో ప్రాథమిక పాఠశాలలయందు రెండు పనులు జరుగుట పరిపాటి. ఒకటి ఆటలపోటీలు. రెండవది పిల్లలు తాము తెలిసికొన్న విషయములను అట్టలపై వ్రాసి, బొమ్మలు గీసి, పెద్దలకు చూపు ప్రదర్శనము. మొదటిది వట్టి వేడుకయనియు, రెండవది తల్లిదండ్రుల నెత్తిన పడు బరువనియు పలువురు తలంచుచున్నారు. “పరీక్షలో మార్కులు రాని ఈ పనులేల? అసలే మన పిల్లలు తెలుగులో చదువుచున్నారు. రేపు నలుగురితో సమానముగా నిలువవలెను గదా!” అని అడుగువారును గలరు. ఈ ప్రశ్న సహజమైనదే. ఈ రెండు పనులను వేరువేరుగాగాక ఒక్కటిగా జరిపినచో పిల్లలకు కలుగు లాభమెట్టిదో, దానిని జరుపు విధానమెట్టిదో ఇందు వివరింతుము.

ఇద్దరు పెద్దలు

ఆగస్టు 29వ తేదీకి రెండు విశేషములు గలవు. 1905లో ఆ దినమున హాకీ వీరుడు ధ్యాన్ చంద్ జన్మించెను. కావున అది జాతీయ క్రీడాదినోత్సవము. 1863లో అదే తేదీన గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించిరి. కావున అది తెలుగు భాషాదినోత్సవము. ఆటకును, భాషకును ఒక్కటే పండుగదినము కుదిరినది.

రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ పట్టణము నేడు ఒడిశాలో నున్నది. ఆ చుట్టుప్రక్కల కొండలలో నివసించు సవరల భాషకు ఆ నాడు లిపి లేదు. పంతులుగారు సవరలనే అడిగి, విని, విన్నదానిని విన్నట్లు వ్రాసికొని ఆ భాషను నేర్చిరి. సవర పిల్లలకై వాచకములు కూర్చిరి; బడులు పెట్టిరి. 1931లో వారి సవరభాషా వ్యాకరణము అచ్చయినది. పరిశోధనకు పెద్ద యంత్రములే కావలెనను మాట నిజము కాదు. అడుగుటకు నోరు, వినుటకు ఓర్పు, వ్రాయుటకు కాగితము ఉన్నచో మొదలుపెట్టవచ్చును.

ఇక ఆటల సంగతి. 1932లో ఇంగ్లండులోని లార్డ్స్ మైదానమున భారతజట్టు తన తొలి టెస్టు పందెము నాడినపుడు నాయకుడుగా నిలిచినవారు సి. కె. నాయుడుగారు. వారు 1895లో నాగపూరున, అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిరి. తెలుగునాటి సరిహద్దులకు ఆవల నున్నవారము గావున మనము వెనుకబడుదుమని దిగులుపడు పిల్లలు ఈ ఇద్దరిని తలంచుకొనవలెను.

పరుగు పందెములో ఒక చిక్కుప్రశ్న

గుండ్రని బాటపై పరుగు పందెము జరుగునపుడు వెలుపలి వరుసలోని పిల్లవానిని ముందునకు జరిపి నిలువబెట్టుదురు. చూచువారిలో ఎవరో ఒకరు “వానికి మాత్రము ఆ లాభమేల?” అని అనకమానరు. అయిదవ తరగతి పిల్లలకు ఇంతకన్న మంచి పరిశోధనాంశము దొరకదు.

మైదానములో ఒక మేకు పాతి, దానికి 7 మీటర్ల త్రాడు కట్టి, త్రాటికొనను పట్టుకొని తిరుగుచు సున్నముతో వలయము గీయవలెను. పిమ్మట 8 మీటర్ల త్రాటితో మరియొక వలయము. రెండింటి చుట్టుకొలతను టేపుతో కొలిచినచో మొదటిది సుమారు 44 మీటర్లు, రెండవది 50 మీటర్లకు పైచిలుకు వచ్చును. తేడా సుమారు 6 మీటర్ల 28 సెంటీమీటర్లు. ఇపుడు 14 మీటర్లు, 15 మీటర్ల త్రాళ్లతో మరి రెండు వలయములు గీయుడు. వలయములు రెట్టింపు పెద్దవైనవి గనుక తేడా కూడ రెట్టింపగునని పిల్లలు ఊహింతురు. కొలిచి చూచినచో మరల అదే 6 మీటర్ల 28 సెంటీమీటర్లు! వలయము ఎంత పెద్దదైనను సరే, వరుస వెడల్పు ఒక మీటరైనచో తేడా మారదు. కావున ఒక పూర్తి చుట్టు పరుగెత్తు పందెమున, పరుగు గీతలు ఒండొంటికి మీటరు దూరమున నున్నచో, ప్రతి వెలుపలివానిని తన లోపలివానికంటె అంత దూరము ముందు నిలువబెట్టుట న్యాయము. ఒక్క మలుపు మాత్రమే ఉన్న పందెమునకు అందులో సగము, అనగా 3 మీటర్ల 14 సెంటీమీటర్లు, చాలును. పెద్ద క్రీడారంగములలో వరుస వెడల్పు 1.22 మీటర్లు గావున అచ్చట ఈ తేడా ఇంకను ఎక్కువ.

దీని సూత్రము పై తరగతులలో వచ్చును. కాని సూత్రమునకు ముందే కొలిచి చూచిన పిల్లవాడు, దానిని తరువాత చదివినపుడు బట్టీపట్టడు. తన కాళ్లతో నడచినదానిని గుర్తుపట్టును.

గడియారము, నాడి

పరుగు మొదలుపెట్టువాడు ఈల ఊది, అదే క్షణమున జెండాను క్రిందికి దించును. గమ్యమువద్ద కాలము చూచువాడు ఈల వినవలెనా, జెండా చూడవలెనా? గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్ల దూరము పోవును. 100 మీటర్ల దూరమునుండి ఈల మోత చేరుటకు సెకనులో మూడు పదవ వంతులు పట్టును. వెలుగు మాత్రము కంటికి అప్పటికప్పుడే చేరినట్లు తోచును. ఈల విని గడియారము నొక్కువాడు ప్రతి పరుగుగానికిని మూడు పదవ వంతుల కాలము తక్కువ వ్రాయును. అందుచే జెండానే చూడవలెను. ఇద్దరు పిల్లలకు రెండు గడియారములిచ్చి, ఒకనిని ఈల వినుమని, మరియొకనిని జెండా చూడుమని చెప్పి, పది పందెముల లెక్కలు పోల్చినచో సంగతి బయటపడును. చేతివేగములో హెచ్చుతగ్గులుండును గావున ఒక్కసారి చూచి తేల్చరాదనియు పిల్లలకు బోధపడును.

మరియొక పరిశోధన నాడికి సంబంధించినది. మణికట్టువద్ద బొటనవ్రేలి మొదట రెండు వ్రేళ్లుంచి, 15 సెకనులు లెక్కించి, నాలుగుతో హెచ్చవేసినచో నిమిషమునకు ఎన్ని కొట్టుకొనుచున్నదో తెలియును. పదేండ్ల పిల్లవానికి విశ్రాంతివేళ సాధారణముగా 70 నుండి 110 వరకు ఉండును. పరుగునకు ముందు, ముగిసిన వెంటనే, ఒక నిమిషమునకు, మూడు నిమిషములకు లెక్కించి గీతపటము గీయవచ్చును. నాడి తగ్గు తీరు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా నుండును. జబ్బుగా నున్న పిల్లలను మాత్రము పరుగెత్తింపరాదు. వారు లెక్క వ్రాయవచ్చును.

ఆటల పేర్లు

పై రెండు పరిశోధనలు ఏ ఊరి పిల్లలైనను చేయదగినవి. ఇపుడు చెప్పబోవునది మనవంటివారికే ప్రత్యేకముగా దొరకిన భాగ్యము. మా హోసూరు ప్రాంతమున తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడును. ఒక్కొక్క ఆటకు మూడు భాషలలోని పేర్లు ఊరు దాటకుండనే దొరకును.

మన చెడుగుడును తమిళులు సడుగుడు అందురు. మన తొక్కుడుబిళ్ల కన్నడులకు కుంటెబిల్లె, తమిళులకు పాండి. మన బిళ్లంగోడు కన్నడమున చిన్నిదాండు, తమిళమున కిట్టిప్పుళ్. మన వామనగుంటలు తమిళమున పల్లాంగుళి, కన్నడమున అళగుళిమణె. ఈ పట్టికను చూచిన పిల్లలకు కొన్ని సంగతులు తమంతట తామే తోచును. కొన్ని పేర్లు ఒకే మాటకు రెండు ఉచ్చారణలవలె నున్నవి. కుంటెబిల్లెలో మనకు తెలిసిన కుంటుటయు, బిళ్లయు కనబడుచున్నవి. కొన్ని పేర్లు మాత్రము పూర్తిగా వేరు. పేరు వేరైనను ఆట ఒక్కటేయా, నియమములు కూడ మారుచున్నవా అని తరువాతి ప్రశ్న పుట్టును. వామనగుంటల పలకపై సాధారణముగా వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలుండును. కాని గుంటకు ఎన్ని చింతగింజలు వేయవలెనన్నది ఇంటింటికి మారుట కలదు. దానిని అడిగి వ్రాయుడు.

ఇచ్చటనే మనకొక తొందర గలదు. ఈ ఆటల మాటలు, ఓడినవానిని ఆటపట్టించు పలుకులు, గెలుపు లెక్కించు తీరు పుస్తకములలో కొద్దిగానే ఎక్కినవి. తక్కినవెల్ల మన అవ్వల నోళ్లలో నున్నవి. అవ్వ పోయిన పిమ్మట అడుగుటకు ఎవరును ఉండరు. తమిళముననో కన్నడముననో చదువుకొని, తెలుగు వ్రాయుట నేర్వని తల్లిదండ్రులు మనలో గలరు. వారు తమ పిల్లల చదువులో తమకు పాలు లేదని చింతింతురు. ఈ పరిశోధనలో చెప్పువారు వారే. పిల్లవాడు వారి వ్రాయసగాడు. ఇంటిలోని మాట బడిలో అట్టమీది కెక్కినపుడు ఆ మాటపై పిల్లవానికి గౌరవము కలుగును.

జరుపు విధానము

ఆటలదినమునకు మూడు వారములు ముందుగా తరగతిని నలుగురేసి పిల్లల జట్లుగా విభజింపవలెను. ప్రతి జట్టు ఒకే ప్రశ్నను ఎన్నుకొనవలెను. ప్రశ్న చిన్నదై, కొలుచుటకో అడుగుటకో వీలైనదిగా నుండవలెను. “ఆటల గొప్పతనము” అనునది ప్రశ్న కాదు; “మా వీథిలో తొక్కుడుబిళ్లకు ఎన్ని విధముల గళ్లు గీయుచున్నారు?” అనునది ప్రశ్న. జవాబు తెలియకమునుపే తమ ఊహను వ్రాసి పెట్టవలెను. తెలిసికొన్న ప్రతి సంగతిచెంత అది ఎవరు చెప్పిరి, ఏ దినమున చెప్పిరి అని వ్రాయవలెను. ఊహ తప్పయినచో దానిని చెరిపివేయరాదు. ఊహకును, కనుగొన్నదానికిని గల తేడాయే పరిశోధన ఫలము. బజారులో బొమ్మలు కొని అతికించిన అట్టకంటె, పిల్లవాని వంకరవ్రాతలో నిజమైన కొలతలున్న కాగితమునకే విలువ ఈయవలెను. ఉన్నతపాఠశాలలోని పెద్ద విద్యార్థులు టేపు పట్టుటకు, లెక్క సరిచూచుటకు తోడ్పడవచ్చును. వ్రాసి పెట్టుట మాత్రము తగదు.

ఈ విధమున జరిపినచో ఆటలదినమున బహుమతులు గెలుచు నలుగురైదుగురే గాక అందరికిని పని యుండును. పరుగెత్తలేని బాలిక కాలము చూచును. సిగ్గరి పిల్లవాడు పట్టిక నింపును. కాలు బాగులేనివాడు తన పట్టికను సభకు చదివి వినిపించును.

తల్లిదండ్రులకు ఒక మాట

మాతృభాషలో ప్రాథమికవిద్య భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు అందుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో, రాష్ట్రముల పునర్విభజన వేళ చేర్చబడినది. మరియొకవైపు తమిళనాట 2006 నాటి చట్టమువలన పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. మన పిల్లలు రెండును నేర్వవలసినవారే. రాష్ట్రభాష చక్కగా నేర్చుట వారికి మేలు. దానికి తెలుగు అడ్డు కాదు. వలయమును తెలుగులో కొలిచి గ్రహించిన బాలుడు దానిని తమిళములో చెప్పుటకు మాటలు మాత్రమే వెదకికొనవలెను. విషయమును మరల నేర్వనక్కరలేదు. కావున ప్రదర్శనదినమున ప్రతి జట్టును తన ఫలితమును మొదట తెలుగులో, పిదప తమిళములోనో కన్నడములోనో చెప్పునట్లు ఏర్పాటు చేయవలెనని మా సూచన. ఇరుగుపొరుగువారిని కూడ పిలువుడు. చిన్నిదాండు, కిట్టిప్పుళ్ గూర్చి చెప్పవలసినవారు వారే.

బాలబాలికలారా! వచ్చు సెలవులలో ఒక చిన్న నోటుపుస్తకము కుట్టుకొని, మీ అవ్వతాతల చెంత కూర్చుండుడు. వారు మీ యీడున ఆడిన ఆట ఒకటి అడిగి, దాని పేరు, నియమములు, ఆడునపుడు పలుకు మాటలు వారు చెప్పినట్లే వ్రాయుడు. బడి తెరచిన పిమ్మట ఆ ఆటను మైదానములో ఆడి చూడుడు. నియమములలో ఏదేని తప్పిపోయినచో ఆట నడువదు. అపుడు మరల పోయి అడుగుడు.